జిల్లా నాలుగైంది, జిల్లా పరిషత్ ఒక్కటే: ఉమ్మడి తూర్పు గోదావరిలో ఏం జరిగింది?

క్లుప్తంగా

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా పరిషత్‌లు మాత్రం 13గానే ఉండిపోయాయి. పాత తూర్పు గోదావరి మండలాలు నాలుగు జిల్లాల్లోకి వెళ్లినా వాటి జెడ్పీటీసీ సభ్యులందరూ, అంటే మండలానికి ఒకరు చొప్పున జిల్లా పరిషత్‌కు ఎన్నికైనవారు, కాకినాడలో ఒకే సభలో కూర్చుంటున్నారు. జిల్లాను ప్రభుత్వం నోటిఫికేషన్‌తో మార్చగలదు. ఎన్నికైన పరిషత్‌కు మాత్రం రాజ్యాంగం ఐదేళ్ల గడువు ఇచ్చింది. 2021 సెప్టెంబరులో కొలువుదీరిన ఈ పరిషత్‌ల గడువు 2026 సెప్టెంబరుతో తీరుతుంది. పరిషత్‌ల విభజన ఎప్పుడు జరుగుతుందన్న ప్రశ్న ఒక్కటే చర్చకు వస్తోంది. అది ఎన్నికైన సభ్యుల చేతుల మీదుగా జరుగుతుందా, ఎన్నికైన సభ లేనప్పుడు ప్రభుత్వం నియమించే ప్రత్యేకాధికారుల చేతుల్లోనా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

కాకినాడలో కార్యాలయం, నాలుగు జిల్లాల సభ్యులు

ఇప్పుడు తూర్పు గోదావరి అనే పేరున్న జిల్లాకు కేంద్రం రాజమహేంద్రవరం. అదే పేరున్న జిల్లా పరిషత్ కార్యాలయం మాత్రం కాకినాడలో ఉంది. కాకినాడ ఆ జిల్లాలో లేదు, సొంత పేరుతో వేరే జిల్లాకు కేంద్రమైంది. పాత జిల్లాలోని కోనసీమ మండలాలు అమలాపురం కేంద్రంగా మరో జిల్లా అయ్యాయి. రంపచోడవరం ఏజెన్సీని 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు, 2025 చివర్లో దాన్ని విడదీసి రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా చేశారు. పాత జిల్లాలోని 64 మండలాలు అలా నాలుగు కలెక్టరేట్ల కిందికి చేరాయి.

చిక్కు అక్కడితో ఆగలేదు. కొత్త తూర్పు గోదావరిలోకి గోదావరి అవతలి ఒడ్డు నుంచి కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం ప్రాంతాలు కూడా వచ్చాయి. అవి పాత పశ్చిమ గోదావరివి. కాబట్టి వాటి జెడ్పీటీసీలు నేటికీ ఏలూరులోని పశ్చిమ గోదావరి జిల్లా పరిషత్‌లోనే సభ్యులు. ఆ ఏలూరు కూడా పశ్చిమ గోదావరి జిల్లాలో లేదు, ఆ జిల్లా కేంద్రం భీమవరం. ఏలూరు జిల్లాలో కలిసిన నూజివీడు, కైకలూరు మండలాల సభ్యులు మచిలీపట్నంలోని కృష్ణా జిల్లా పరిషత్‌కు వెళ్తారు. 2022 నాటి అల్లూరి జిల్లాలో పాడేరు వైపు మండలాలకు విశాఖ జెడ్పీ, రంపచోడవరం వైపు మండలాలకు కాకినాడ జెడ్పీ అయ్యాయి.

సర్వసభ్య సమావేశం రోజున ఇదంతా కళ్లకు కడుతుంది. ఒక సభ్యుడు లేచి తన మండలంలోని ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేడని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆ మండలం ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా వైద్యాధికారి. కోనసీమ సభ్యుడి ప్రశ్నకు ఒకరు, రాజానగరం సభ్యుడి ప్రశ్నకు ఇంకొకరు, ఏజెన్సీ సభ్యుడి ప్రశ్నకు మరొకరు. విద్య, వ్యవసాయం, తాగునీరు, గృహనిర్మాణం అన్నింటికీ ఇదే వరస. జిల్లా ఒక్కటిగా ఉన్నప్పుడు వేదిక కింద ఒక వరసలో కూర్చునే అధికారులు ఇప్పుడు నాలుగింతలయ్యారు. ఇన్‌ఛార్జి మంత్రి నిర్వహించే జిల్లా సమీక్షలు మళ్లీ కొత్త జిల్లాలవారీగా జరుగుతాయి. అంటే ఒకే రోడ్డు గురించి రెండు చోట్ల చర్చ నడుస్తుంది. ఒక చోట ఎన్నికైన పరిషత్ ఉంటుంది, రెండో చోట పనులు మంజూరు చేయగల యంత్రాంగం ఉంటుంది. నష్టపోయేది మొదటిదే. చట్టం ఇచ్చిన అధికారాలు పోకపోయినా పరిషత్ మాటకు బరువు తగ్గింది.

గీత గీసేది ఒకరు, గడువు ఇచ్చేది ఇంకొకరు

జిల్లా పోయినప్పుడు జిల్లా పరిషత్ ఎందుకు పోలేదన్నది చాలామందికి అంతుపట్టని విషయం. రెండూ వేర్వేరు చట్టాల కింద పుట్టినవి కావడమే కారణం.

జిల్లా అనేది పాలన కోసం ప్రభుత్వం గీసుకున్న హద్దు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ప్రభుత్వం ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, 30 రోజులు అభ్యంతరాలు తీసుకుని, తుది నోటిఫికేషన్‌తో జిల్లాను చీల్చవచ్చు, కలపవచ్చు, పేరు మార్చవచ్చు. 2022 జనవరి చివరి వారంలో ముసాయిదా వచ్చింది, ఏప్రిల్ మొదటి వారానికి కొత్త కలెక్టర్లు బాధ్యతలు తీసుకున్నారు. పని రెండున్నర నెలల్లో ముగిసింది.

జిల్లా పరిషత్‌కు మూలం 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉన్న ఆ సవరణలోని 243-ఇ అధికరణం పంచాయతీకి ఏ స్థాయిలోనైనా, మొదటి సమావేశం జరిగిన రోజు నుంచి ఐదేళ్ల గడువు ఇస్తుంది. ఏదైనా చట్టాన్ని సవరించి, అప్పటికే పనిచేస్తున్న పంచాయతీని గడువు తీరకముందే రద్దయ్యేలా చేయకూడదని అదే అధికరణంలోని రెండో క్లాజు చెబుతుంది. తప్పు చేసిన పరిషత్‌ను చట్టప్రకారం రద్దు చేసే దారి వేరే ఉంది. జిల్లాల హద్దులు మారాయన్నది మాత్రం అలాంటి కారణం కాదు.

మరోవైపు 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రతి జిల్లాకూ ఒక జిల్లా పరిషత్ ఉండాలంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే కొత్త జిల్లాకు పరిషత్ కావాలి, పాత పరిషత్ పోకూడదు. 2022లో ప్రభుత్వం గడువు తీరేదాకా పాత పరిషత్‌లనే కొనసాగించే దారి ఎంచుకుంది. అప్పటికి పరిషత్‌లు కొలువుదీరి ఏడు నెలలైనా కాలేదు. ఎన్నికైనవారిని ఇంటికి పంపడం కంటే ఈ అయోమయాన్ని భరించడమే సరైన నిర్ణయం. లోపమల్లా ఆ తర్వాత చేతిలో ఉన్న నాలుగేళ్లకు పైగా వ్యవధిని విభజనకు సిద్ధం కావడానికి వాడుకోకపోవడంలో ఉంది.

జిల్లా బోర్డుల కాలం నుంచి

ఇంత గట్టి రక్షణ రాజ్యాంగంలో ఎందుకు పెట్టాల్సివచ్చిందో తెలియాలంటే వెనక్కి చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరిని వేరుచేసినప్పుడు అప్పటిదాకా గోదావరి జిల్లాగా ఉన్నది తూర్పు గోదావరి అయింది. తాలూకా బోర్డులు 1930లలో రద్దయ్యాయి, జిల్లా బోర్డులు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు నడిచాయి. రోడ్లు, ఉన్నత పాఠశాలలు, ఆస్పత్రులు వాటి పని. పల్లెల్లో పెద్దవాళ్లు కొన్ని బడులను ఈనాటికీ బోర్డు హైస్కూలు అనే అంటారు.

బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసుల తర్వాత, 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్‌ల చట్టం తెచ్చింది. జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్ వచ్చింది. భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మార్చింది కూడా అదే ఏడాది. 2014లో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలాలు తిరిగి ఈ జిల్లాలోకి వచ్చాయి. అరవై ఏళ్లలో మూడు జిల్లా కేంద్రాలు మారిన ఆ మండలాల ప్రజలకు హద్దులు కదలడం కొత్త సంగతి కాదు.

1986లో సమితులు కూడా పోయాయి. వాటి స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. 1987లో మండల, జిల్లా ప్రజా పరిషత్‌ల అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ప్రజలకు దగ్గరగా పాలన తెచ్చిన పెద్ద మార్పు అది. అయితే ఒక అంచెను మొత్తంగా తీసివేసి ఇంకొకటి పెట్టడానికి రాష్ట్ర శాసనసభ ఒక్కటి చాలింది. ఎన్నికలు ఆపడం ఇంకా తేలిక. 1970లో సమితులకు, పరిషత్‌లకు ఎన్నికలు జరిగాక మళ్లీ 1981 దాకా జరగలేదు. 243-ఇ అధికరణం ఇలాంటి అనుభవాల నుంచే పుట్టింది. అది వచ్చాక కూడా గడువు తీరినప్పుడు వెంటనే ఎన్నికలు పెట్టని సందర్భాలు ఉన్నాయి. 2011లో గడువు తీరితే 2014 దాకా, 2019లో తీరితే 2021 దాకా ప్రత్యేకాధికారులే నడిపారు. రాజ్యాంగం పరిషత్‌ను అర్ధాంతరపు చావు నుంచి కాపాడింది కానీ, సకాలంలో మరో పరిషత్ పుట్టేలా చూడలేకపోయింది.

ఒక పీఎఫ్ దరఖాస్తు వెళ్లే దారి

ఇది నాయకుల పదవుల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. కొవ్వూరు మండలంలోని జెడ్పీ హైస్కూలు ఉపాధ్యాయుడి వైపు నుంచి చూస్తే వేరుగా కనిపిస్తుంది. ఆయనకు కలెక్టరు, విద్యాశాఖ అధికారి ఉండేది రాజమహేంద్రవరంలో, రోడ్డు కం రైలు వంతెన దాటితే చాలు. జీతం ఇచ్చేది రాష్ట్ర ఖజానా. ఆయన పనిచేసే బడి జిల్లా పరిషత్ యాజమాన్యంలోనిది. నెలనెలా జీతంలోంచి కోసే భవిష్య నిధి జమయ్యేది కూడా జిల్లా పరిషత్ నిర్వహించే ఖాతాలోనే. కూతురి పెళ్లికో, ఇంటి కప్పుకో పీఎఫ్ రుణం కావాలంటే ఆ దరఖాస్తు ఏలూరు జెడ్పీకి వెళ్లాలి. వంతెన అవతలి రాజమండ్రి రూరల్ బడిలో పనిచేసే ఉపాధ్యాయుడి దరఖాస్తు కాకినాడకు వెళ్తుంది. ఇద్దరిదీ ఒకే జిల్లా, ఒకే విద్యాశాఖ అధికారి, పీఎఫ్ కార్యాలయాలు మాత్రం వేరు.

నియామకాలు, బదిలీలు, సీనియారిటీ జాబితాలదీ అదే కథ. ఉద్యోగాల్లో స్థానిక కేడర్లను 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు పాత జిల్లాల ప్రాతిపదికన నిర్ణయించాయి. ఉపాధ్యాయ నియామకాల కోసం వచ్చిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులను కూడా ఉమ్మడి జిల్లాల లెక్కనే ప్రకటించారు. కాబట్టి పాత జిల్లా పరిషత్‌తో పాటు పాత జిల్లా కూడా ఉద్యోగుల రికార్డుల్లో సజీవంగా ఉంది. పరిషత్‌ను చీల్చినంత మాత్రాన అది పోదు, కేడర్లను విడిగా తేల్చాలి.

ఏజెన్సీ విషయంలో తేడా పెద్దది

విభజన ప్రభావం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కాకినాడ, కోనసీమ ప్రాంతాలకు ఇది ఎక్కువగా సౌకర్యం, నిధుల వాటా సంగతి. రంపచోడవరం ఏజెన్సీకి మాత్రం అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్నదే మారిపోతుంది.

జెడ్పీటీసీ స్థానం ఒక మండలానికి ఒకటి. ఆ సభ్యులు తమలోంచి చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. ఉమ్మడి పరిషత్‌లో ఏజెన్సీ మండలాలు పట్టుమని పన్నెండు కూడా లేవు, మైదాన మండలాలు 50కి పైనే. చైర్‌పర్సన్ పదవుల రిజర్వేషన్‌ను రాష్ట్రం మొత్తానికి లెక్కగట్టి కేటాయిస్తారు. 13 పరిషత్‌లున్న రాష్ట్రంలో ఎస్టీల జనాభా వాటా ప్రకారం ఒక్క పదవి దక్కుతుంది. 2021లో అది విశాఖపట్నానికి పోయింది, ముంచంగిపుట్టు నుంచి గెలిచిన గిరిజన మహిళ అక్కడ చైర్‌పర్సన్ అయ్యారు. తూర్పు గోదావరి ఏజెన్సీ సభ్యులు కాకినాడ సభలో అల్పసంఖ్యాకులుగానే ఉన్నారు.

షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించే 1996 పెసా చట్టం ప్రకారం ఆ ప్రాంతాల్లోని పంచాయతీల అధ్యక్ష పదవులు అన్ని స్థాయిల్లోనూ ఎస్టీలకే రిజర్వు కావాలి. గ్రామ, మండల స్థాయుల్లో ఇది అమలవుతోంది. జిల్లా స్థాయిలో ఇంతకాలం వీలుకాకపోవడానికి కారణం ఏజెన్సీ, మైదానం కలిసిన జిల్లాలు. ఏజెన్సీ మండలాలతో విడిగా ఏర్పడ్డ జిల్లాకు సొంత పరిషత్ వస్తే ఆ అవకాశం తొలిసారి తెరుచుకుంటుంది. కొండ మీది రోడ్డు, ఆశ్రమ పాఠశాల, ఊట నీళ్ల పథకం గురించి ఓటేసేవారు మొదటిసారి అచ్చంగా ఆ ప్రాంతంవారే అవుతారు. మొత్తం విభజనలో ప్రజాస్వామ్యానికి అన్నింటికంటే ఎక్కువ మేలు చేసే భాగం ఇదే. దీని మీద జరగాల్సినంత చర్చ మాత్రం జరగడం లేదు.

తెలంగాణ ఎలా దాటింది

ఇదే పరిస్థితిని తెలంగాణ ముందే చూసింది. 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో 33కు చేరాయి. 2014లో ఎన్నికైన 9 జిల్లా పరిషత్‌లు గడువు తీరే 2019 జులై మొదటి వారం దాకా అలాగే నడిచాయి. పూర్తిగా నగరం కావడంతో హైదరాబాద్‌కు పరిషత్ లేదు. అసలు గమనించాల్సింది ఎన్నికల తేదీని. పాత పరిషత్‌లు ఇంకా పనిచేస్తుండగానే 2019 మేలో 32 కొత్త పరిషత్‌లకు ఎన్నికలు జరిగాయి. జూన్‌లో చైర్‌పర్సన్ల ఎన్నిక పూర్తయింది. జులైలో పాతవారు దిగగానే కొత్తవారు బాధ్యతలు తీసుకున్నారు. మధ్యలో ఖాళీ లేదు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి మార్పులకు దాదాపు ఇదే పద్ధతి. కంబ్రియా ప్రాంతంలో ఒక కౌంటీ కౌన్సిల్‌ను, ఆరు జిల్లా కౌన్సిళ్లను రద్దు చేసి రెండు కొత్త కౌన్సిళ్లు పెట్టినప్పుడు 2022 మేలోనే కొత్తవాటికి ఎన్నికలు జరిపారు. 2023 ఏప్రిల్ 1న అధికారం చేతులు మారేదాకా దాదాపు 11 నెలలు కొత్త సభ్యులు ఆస్తులు, సిబ్బంది, అప్పులు, పన్నుల లెక్కలు చూసుకున్నారు. తెలంగాణలో ఆ వ్యవధి నెల మాత్రమే. అందుకే కొత్త పరిషత్‌లు చాలా చోట్ల సొంత భవనాలు, సరిపడా సిబ్బంది లేకుండానే మొదలయ్యాయి.

తెలంగాణ అనుభవంలో హెచ్చరికలూ ఉన్నాయి. మొదటిది పరిమాణం. మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా పరిషత్‌లో 2019లో ఉన్న జెడ్పీటీసీ స్థానాలు ఐదే. ఏడు స్థాయీ సంఘాలు ఉండాల్సిన పరిషత్‌లో ఐదుగురు సభ్యులంటే అందరూ అన్నిటిలోనూ ఉండాల్సిందే, ఒకరి పనిని ఇంకొకరు నిలదీసే వీలు పోతుంది. రెండోది ఉద్యోగుల సర్దుబాటు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులను అనుసరించి 2021 డిసెంబరులో వచ్చిన జీవో 317తో వేలమంది ఉపాధ్యాయులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు, స్థానికత పోయిందంటూ పెద్ద ఆందోళన జరిగింది. మూడోది, 2024 జులైలో ఆ 32 పరిషత్‌ల గడువు తీరాక సకాలంలో ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది.

ఆంధ్రలో తేలాల్సిన లెక్కలు

సీట్ల విభజన తేలిక. మండలానికి ఒక స్థానం కాబట్టి కొత్త హద్దులు ఏ జెడ్పీటీసీ నియోజకవర్గాన్నీ కోయవు. మండలం ఏ జిల్లాలో ఉంటే సభ్యుడు ఆ పరిషత్‌కు వెళ్తాడు. చిక్కంతా మిగతావాటితోనే.

మొదట ఆస్తులు. జెడ్పీ భవనాలు, అతిథి గృహాలు, దుకాణ సముదాయాలు, స్థలాలు ఎక్కువగా పాత జిల్లా కేంద్రంలోనే ఉంటాయి. ఎక్కడి ఆస్తి అక్కడికే అంటే కాకినాడకు చాలా మిగులుతుంది, ఏజెన్సీకి దాదాపు ఏమీ రాదు. ఆ ఆస్తుల్లో 64 మండలాల డబ్బూ ఉంది కాబట్టి జనాభా ప్రకారం విలువ కట్టి సర్దుబాటు చేయడం న్యాయం. తర్వాత ఆదాయం. పరిషత్ సొంత రాబడి ఎక్కువగా స్టాంపు డ్యూటీ సర్‌చార్జి, ఖనిజాల తవ్వకంపై వసూలయ్యే సీనరేజి రుసుములో వాటాల నుంచి వస్తుంది. భూముల క్రయవిక్రయాలు జోరుగా సాగే నగర శివారు మండలాలు, క్వారీలున్న మెట్ట మండలాలు ఎటు పోతే డబ్బు అటు పోతుంది. పెద్ద జిల్లాలో ఈ రాబడి అన్ని మండలాలకూ పంచుకునేవారు. చిన్న పరిషత్‌లలో ఆ సర్దుబాటు ఉండదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో జిల్లా స్థాయికి వచ్చేది 5 నుంచి 15 శాతమే, దానితో ఈ లోటు పూడదు. పెరిగే పరిషత్‌ల సంఖ్యతో పాటు సీఈవో, లెక్కల విభాగం, ఇంజినీరింగ్ సిబ్బంది ఖర్చూ పెరుగుతుంది. ఈ కారణంగా ఏజెన్సీ పరిషత్‌కు రాష్ట్రం విడిగా గ్రాంటు ఇవ్వక తప్పదు.

రిజర్వేషన్లు మరో లెక్క. చైర్‌పర్సన్ పదవులు పెరిగితే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల కోటాలు కొత్తగా వేయాలి. జనాభాకు ఆధారం 2011 లెక్కలే. మొత్తం కోటా 50 శాతం దాటకూడదన్న న్యాయస్థానాల తీర్పుల వల్ల 2020లోనే బీసీల వాటా 34 నుంచి 24 శాతానికి తగ్గించాల్సివచ్చింది. ఆ వివాదం మళ్లీ తలెత్తితే ఎన్నికలు వాయిదా పడే ప్రమాదం ఉంది.

అలా పడితే 2011, 2019లలో వచ్చిన ఖాళీయే మళ్లీ వస్తుంది. ఈసారి నష్టం ఇంకా ఎక్కువ. విభజన పట్టికలన్నీ, అంటే ఏ భవనం ఎవరికి, ఏ పీఎఫ్ ఖాతా ఎక్కడికి, ఏ ఉద్యోగి ఏ జిల్లాకు, ఏ బిల్లు బకాయి ఎవరి నెత్తిన అన్నవన్నీ ప్రత్యేకాధికారుల సంతకాలతో తేలిపోతాయి. వాటిని సభలో చదివి అభ్యంతరం చెప్పే సభ్యుడే ఉండడు. దీనికి మందు చట్టంలోనే ఉంది. ప్రతి మూడు నెలలకోసారి కూర్చునే సర్వసభ్య సమావేశం, ప్రణాళిక, ఆర్థిక వ్యవహారాల స్థాయీ సంఘం ఉన్నాయి. గడువు తీరేలోగా ఆస్తులు, అప్పులు, పీఎఫ్ నిల్వల జాబితాలను మండలాలవారీగా ఆ సభ ముందు పెట్టి ఆమోదం తీసుకుంటే, తర్వాత ఎవరు వచ్చినా ఆ లెక్కతోనే మొదలుపెట్టాల్సివస్తుంది.